పక్క సీటులో లేచిన సైటు

కార్తీకంలో రెండో సోమవారం, ఉదయం ఎనిమిదిన్నర. రాజమండ్రి బస్సులో నా పక్కన ఒక అమ్మాయి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కాలు ఆడిస్తూనే ఉంది.

"కాలు ఆపమ్మా, సీటు ఊగిపోతోంది," అన్నాను.

"సారీ అండి. పడవ టిక్కెట్ల సైటండి. దానికి కావాల్సినవన్నీ కంటైనరని ఒకే పెట్టెలాంటిదాంట్లో సర్ది క్లౌడ్‌కి, అంటే ఎక్కడో దూరంగా ఉండే కంప్యూటర్లకి, పంపుతున్నాను. రెండుసార్లు పడిపోయింది. తొమ్మిదికల్లా లేవకపోతే నా ఉద్యోగం పోతుంది."

మళ్ళీ పంపింది. కాసేపటికి లాప్‌టాప్‌లో పచ్చగుర్తు వచ్చినా నమ్మలేదు. "బయటివాళ్ళ ఫోన్లో రావాలండి," అని నా ఫోను తీసుకుని ఏదో కొట్టి, తిరిగి నా చేతిలో పెట్టి కళ్ళు మూసుకుంది. "నేను చూడలేను. మీరే చదవండి."

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. "ప... డ... వ..." అని కూడబలుక్కుంటున్నాను. ఆమె కళ్ళు తెరిచి చూసేసింది. మొహం వెలిగింది. "రావులపాలెం! దిగేవాళ్ళు దిగాలి!" అని కండక్టరు కేక. ఆమె దిగాల్సింది అక్కడే. ఇంట్లోవాళ్ళయితే ఈపాటికి మాట నా నోట్లోంచి లాక్కునేవాళ్ళు. ఆమె సంచీ భుజాన వేసుకుని నిలబడింది, పెదవి కదపలేదు.

"పడవ టిక్కెట్లు ఇక్కడ తీసుకోండి," అని పూర్తిచేశాను.

"వచ్చేసిందండీ!" అని అప్పుడు అరిచి, దిగి పరిగెత్తింది.

ఆ రోజు ఈ సంగతిలో ఉన్నవాళ్ళం సూరమ్మనైన నేను, కండక్టరు వెంకట్రావు గారు, పేరు అడగడం నాకు తోచని ఆ అమ్మాయి.