ఎడమ మూల సోమన్న

నేను సూర్యాపేట హైస్కూలుకు డ్రిల్ మాస్టరుగా వచ్చింది 1961లో. మాది కోదాడ. ఊరు కొత్త, ఇంకా కుటుంబాన్ని తెచ్చుకోలేదు. సాయంత్రం బడి వదిలాక గదికి పోయి చేసేదేమీ ఉండేది కాదు. బడి మైదానంలో బజారు మనుషులు చెడుగుడు ఆడుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. హమాలీలు, సైకిల్ షాపు వాళ్ళు, ఒకరిద్దరు గుమాస్తాలు. నెల తిరక్కుండానే వాళ్ళకు గీతలు గీసి, రూల్సు చెప్పి, ఏడుగురిని ఒక జట్టు చేశాను. ఆ జట్టులో ఎడమ మూలన నిలబడేవాడు సోమన్న.

అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు ఉంటాయి. గింజల దుకాణంలో బస్తాలు మోసేవాడు. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. మాట తక్కువ. ఆటలో కూడా అంతే, అరవడం, తొడ కొట్టడం ఉండేవి కావు. వంగి, చేతులు మోకాళ్ళ ముందు పెట్టుకొని, వచ్చేవాడి పాదాల వైపే చూస్తూ ఉండేవాడు.

కుడి మూలన ఉండేది తులసీరాం. సైకిల్ షాపులో పని. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వు మొహం. ఇద్దరూ ఒకే వాడలో పెరిగారు.

చెడుగుడులో మూల మనిషికి రెండు పనులు. ఎదుటివాడు కూతతో లోపలికి వచ్చినప్పుడు వాడి కాలు అందుకొని ఆపాలి. తన వంతు వచ్చినప్పుడు తానే కూత పెట్టి అవతలికి పోయి, ఎవరినో ఒకరిని తాకి తిరిగి రావాలి. రెండూ సమానంగా వచ్చినవాణ్ణి నా సర్వీసులో నేను చూడలేదు. తులసీరాం కూతకు పోతే రెండు మూడు పాయింట్లు తెచ్చేవాడు, పట్టడంలో మాత్రం తొందర. సోమన్న పట్టు పడితే విడిపించుకున్నవాడు లేడు, కానీ కూతకు పోయేవాడు కాదు.

ఎందుకు పోవని ఒకసారి అడిగాను.

"దమ్ము నిలువది సార్," అన్నాడు. "పొద్దుగాల నుంచి పొట్టు మింగుడే గద. నడుమ గీత దాటంగనే దగ్గొస్తది. కూత తెగితే ఔటే."

చూసేవాళ్ళ కళ్ళన్నీ కూతకు పోయినవాడి మీదే ఉంటాయి. కానీ ఔటై బయట కూర్చున్నవాడు మళ్ళీ ఆటలోకి రావాలంటే ఇవతలివాళ్ళు ఎదుటి జట్టులో ఒకణ్ణి ఔటు చెయ్యాలి. తులసీరాం ఔటైతే అతన్ని లోపలికి తెచ్చింది చాలావరకు సోమన్న పట్టే. ఆ సంగతి మైదానంలో ఉన్న మాకు తెలుసు. పేపరుకు ఆట వార్త పంపేటప్పుడు మాత్రం కూతకు పోయి ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో అంతే రాసేవాణ్ణి. తులసీరాం పేరు అచ్చయ్యేది.

ఒకసారి సోమన్న భార్య పుష్పమ్మ నన్ను బజారులో ఆపి అడిగింది. "సార్, మా ఆయన ఆడతడా, ఊకె నిలవడతడా? పేపర్ల ఎన్నడు పేరు రాదంట." నవ్వుతూనే అడిగింది. నేనూ నవ్వి వచ్చేశాను.

1964 మార్చిలో మిర్యాలగూడలో మూడు రోజుల టోర్నమెంటు పెట్టారు. జిల్లా నుంచి పన్నెండు జట్లు వచ్చాయి. హైదరాబాదులోని ఒక బట్టల మిల్లుకు కబడ్డీ జట్టు ఉండేది. ఆ జట్టు మేనేజరు జగదీశ్ ఆటగాళ్ళను ఏరుకోవడానికి వచ్చాడని రెండో రోజే అందరికీ తెలిసింది. మిల్లు జట్టులోకి తీసుకుంటే మిల్లులోనే ఉద్యోగం, ఉండడానికి క్వార్టరు. మా వాళ్ళు ఆ మాట పైకి అనలేదు గానీ, ఆ పూట భోజనాల దగ్గర ఎవరూ సరిగా తినలేదు.

రెండో రోజు సెమీఫైనల్లో హుజూర్‌నగర్ జట్టు మీద ఆడుతుండగా సోమన్న మోకాలు మెలిపడింది. ఆట గెలిచాం. తెల్లవారేసరికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. నేను నొక్కి చూశాను. సోమన్న పళ్ళు బిగించాడు.

"ఆడతవా?" అన్నాను.

"మీరు జెప్పుండ్రి సార్."

ఆడొద్దని చెప్పాల్సింది నేను. అదనంగా తెచ్చుకున్న ఇద్దరు ఆటగాళ్ళు బయట ఖాళీగానే ఉన్నారు. కానీ ఫైనల్ కోదాడ జట్టు మీద. వాళ్ళ ముఖ్యమైన ఆటగాడు మల్లికార్జున్, భూస్వామి కొడుకు, దున్నపోతులాంటి మనిషి. అతన్ని పట్టగలిగినవాడు మాకు సోమన్న ఒక్కడే. పైగా అది నా సొంత ఊరి జట్టు. ఓడితే నన్ను ఎగతాళి చేసే స్నేహితులు అక్కడున్నారు. చీర పేలిక తెచ్చి మోకాలికి గట్టిగా చుట్టాను. "ఒక్క ఆటే," అన్నాను.

ఆఖరి పది నిమిషాల్లో మాకు మిగిలింది ముగ్గురు. అందరికంటే ముందు ఔటై బయట కూర్చున్నది తులసీరాం, కాబట్టి మళ్ళీ లోపలికి వచ్చే మొదటి వంతు అతనిదే. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మల్లికార్జున్ కూతకు వచ్చాడు. కుడి పక్కన ఒకణ్ణి బెదిరించి, తిరిగి ఎడమకు వచ్చి, కాలు చాచి వెనక్కి తీసుకోబోయాడు. సోమన్న అంతవరకు కదల్లేదు. ఆ కాలు నేల తాకే లోపల రెండు చేతులతో చీలమండ దొరకబుచ్చుకొని, బరువంతా ఆ దెబ్బ మోకాలి మీదే వేసి కూలబడ్డాడు. మల్లికార్జున్ అతన్ని రెండు గజాలు ఈడ్చుకుపోయాడు. సోమన్న వదల్లేదు. మిగతా ఇద్దరూ వచ్చి మీద పడ్డారు. కూత ఆగిపోయింది.

విజిల్ పడగానే తులసీరాం లేచి లోపలికి వచ్చాడు. ఆ వెంటనే కూతకు పోయి ముగ్గురిని తాకి వచ్చాడు. మిగతా ఆట అతనిదే. నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాం. జనం తులసీరాంను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను కూడా అటే పరిగెత్తాను.

కప్పు ఇచ్చాక జగదీశ్ నన్ను పక్కకు పిలిచాడు. మర్యాదస్తుడు, తొందరపడే మనిషి కాదు.

"మాస్టర్ సాబ్, నాకు మూలకు ఒక్క మనిషి కావాలె. ఒక్కటే జాగా ఉంది. మీ మూలోళ్ళు ఇద్దర్ల ఎవర్ని తీసుకోమంటరు? ఆ ఎడమ దిక్కోని పట్టు మంచిగుంది. కూతకు పోతడా?"

"పోడు. దమ్ము చాలదు."

"ఇప్పుడు కుంటుతున్నడేంది?"

"నిన్న మోకాలు మెలిపడింది."

"ఎన్ని దినాలకు తక్కువైతది?"

"చెప్పలేను."

"మరి తులసీరాం?"

"రెండు పనులూ చేస్తాడు," అన్నాను.

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కానీ తులసీరాం తెచ్చిన పాయింట్లలో సగం సోమన్న పట్టు వల్లనే వచ్చాయని నేను చెప్పలేదు. ఆ వాచిన మోకాలితో ఆడించింది నేనేనని చెప్పలేదు. నేను ఆడించి పాడుచేసిన కాలునే లోపంగా చూపించి వచ్చాను. ఆ క్షణాన అది నాకు తట్టలేదు. రాత్రి బస్సులో తిరిగి వస్తున్నప్పుడు తట్టింది. మర్నాడు హైదరాబాదుకు ఒక ఉత్తరం రాయొచ్చు కదా అనుకున్నాను. రాయలేదు.

తులసీరాం జూన్‌లో హైదరాబాదు మిల్లుకు వెళ్ళిపోయాడు. సోమన్న ఇరవై రోజులు కట్టు కట్టించుకొని, మళ్ళీ బస్తాల కిందికి పోయాడు. క్వింటాలు బస్తా వీపు మీద పెట్టుకొని మెట్లెక్కే మనిషికి మోకాలు ఎక్కడ మానుతుంది? అప్పుడప్పుడు మైదానానికి వచ్చేవాడు. ఒకటి రెండు పట్లు పట్టి, పక్కకు పోయి కాలు చాపుకొని కూర్చునేవాడు. నొప్పి సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు.

రెండేళ్ళ తర్వాత, 1966లో, జగదీశ్ చెప్పకుండా మా బడికి వచ్చాడు.

"మాస్టర్ సాబ్, తులసీరాం కూతకు పోతడు, తాకుతడు, మంచిదే. ఔటైతే మాత్రం ఇగ బయటనే కూసుంటడు. లోపలికి తెచ్చెటోడు లేడు. సోమన్నను పిలుసుకోండ్రని ఆర్నెల్ల నుంచి నా పానం తీస్తున్నడు."

సోమన్నకు కబురు పంపాను. గంటలో వచ్చాడు. స్నానం చేసి, తల దువ్వుకొని, ఉతికిన నిక్కరు వేసుకొని వచ్చాడు. పుష్పమ్మ గేటు దగ్గర నిలబడింది. బడి పై తరగతుల ఆటగాళ్ళను ముగ్గుర్ని ఒకరి తర్వాత ఒకరిని కూతకు పంపాను. మొదటివాణ్ణి సోమన్న పట్టిన తీరు చూసి జగదీశ్ నా వైపు తిరిగి తల ఊపాడు. రెండోవాడు వచ్చినప్పుడు సోమన్న వంగాడు, చేతులు కాలు దాకా పోయాయి, మోకాలు పక్కకు మడతపడింది. బోర్లా పడ్డాడు. లేవబోతే కాలు లేవలేదు. రెండు చేతులూ నేలకు ఆనించి, ఒక పక్కకు ఒరిగి, మెల్లగా లేచి మళ్ళీ మూలకు పోయి నిలబడ్డాడు.

"ఇంకొక్కని పంపుండ్రి సార్," అన్నాడు.

జగదీశ్ వద్దని చెయ్యి చూపాడు. దగ్గరికి పోయి మోకాలు పట్టుకొని చూశాడు. "ఎప్పటిదిది?"

సోమన్న నా వైపు ఒకసారి చూశాడు. "మిర్యాలగూడదే సార్."

"అప్పుడే మా దగ్గరికొస్తే మిల్లు డాక్టరు సూసెటోడు గద," అన్నాడు జగదీశ్. మంచి మనసుతోనే అన్నాడు. అక్కడ నిలబడలేక నేను విజిల్ వెతికే నెపంతో గదిలోకి పోయాను. తిరిగి వచ్చేసరికి భార్యాభర్తలు గేటు దాటి పోతున్నారు. సోమన్న చెయ్యి పుష్పమ్మ భుజం మీద ఉంది.

ఆ తర్వాత ఏడాదికి బస్తాలు మోయడం పూర్తిగా ఆగిపోయింది. దుకాణం వాళ్ళు కొన్నాళ్ళు ఊడ్చే పని ఇచ్చారు. సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వచ్చి మిర్యాలగూడలో రైస్ మిల్లులు లేస్తుంటే, 1969లో వాళ్ళిద్దరూ అక్కడికి పోయారు. కూర్చొని చేసే పని కాబట్టి సోమన్నకు బస్తాల మూతులు కుట్టే పని దొరికింది. పుష్పమ్మ వడ్లు ఆరబోసే కళ్ళంలో చేరింది.

1973లో స్కూలు ఆటల పోటీలకు మిర్యాలగూడ పోయినప్పుడు వెతుక్కుంటూ ఆ మిల్లుకు పోయాను. సోమన్న నేల మీద కుడికాలు చాపుకొని కూర్చున్నాడు. చేతిలో దబ్బనం. నన్ను చూసి లేవబోయాడు. నేనే పక్కన బస్తా మీద కూర్చున్నాను. కుశలం అడగడం అయ్యాక, ఇక ఆపుకోలేక చెప్పేశాను. ఆ రోజు తులసీరాంను తీసుకొమ్మన్నది నేనేనని, నీ మోకాలు సంగతి చెప్పింది కూడా నేనేనని.

సోమన్న కుట్టడం ఆపలేదు. "ఎరికే సార్. జగదీశ్ సార్ తులసీరాంకు జెప్పిండు, వాడు నాకు జెప్పిండు. ఎన్కటి ముచ్చట."

"మరి నన్ను ఎప్పుడూ అడగలేదేం?"

"ఏమడగాలె? మీరు అబద్ధం జెప్పలే గద." దారం కొరికి తెంపాడు. ఇంకో బస్తా దగ్గరికి లాక్కుంటూ అన్నాడు. "ఒక్కటే సార్. ఆ దినం ఆట అయినంక మీరు నా దిక్కు రాలే. నేను లేవలేక గాడనే కూసున్న. తులసీరామే, వాళ్ళ భుజాల మీది నుంచి దుంకి వచ్చి నన్ను లేపిండు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఆ గుంపులోనే ఉన్నాను. తులసీరాం ఎప్పుడు దిగాడో చూడలేదు.

"ఇప్పుడు పేపరుకు రాసేటప్పుడు పట్టినవాళ్ళ పేర్లు కూడా రాస్తున్నాను," అన్నాను. అంటుంటేనే నా మాట నాకే చిన్నగా వినిపించింది.

"మంచిదే సార్," అన్నాడు.

సాయంత్రం ఫైనల్ చూడడానికి రమ్మన్నాను. పని ఉందన్నాడు. పుష్పమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది గానీ నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడాది తులసీరాం సెలవు పెట్టి వచ్చి సోమన్నను హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడని విన్నాను. ఇంత ఆలస్యమయ్యాక చేసేది పెద్దగా లేదన్నారట డాక్టర్లు. ఆపరేషన్ చేస్తే నొప్పి కొంత తగ్గింది, కాలు మాత్రం పూర్తిగా మడవలేడు. దవాఖానలో ఉన్న నెల రోజులూ తులసీరాం మిల్లు నుంచి నేరుగా అక్కడికే వచ్చి కూర్చునేవాడట. సోమన్న తిరిగి మిర్యాలగూడ మిల్లుకే వచ్చాడు. తర్వాత రెండుసార్లు నేను ఆ ఊరు పోయాను. మిల్లు వైపు మాత్రం పోలేకపోయాను.