చీకటి పడని దారి కోసం

2024 జనవరి. సింగపూర్ లిటిల్ ఇండియాలో ఒక పాత షాప్‌హౌస్ పై అంతస్తులో మా ట్రావెల్ ఏజెన్సీ. కింద పూలకొట్టు, పక్కన ఇన్‌స్టంట్ కాఫీ వాసన రాని నిజమైన కాఫీ దుకాణం. అప్పటికి నేను ఆ కుర్చీలో కూర్చోబట్టి ఇరవై ఒక్క ఏళ్లు. యూరప్ ప్రయాణాలు, ముఖ్యంగా కారు లేకుండా రైళ్లు, బస్సులు, ఓడల మీద సాగేవి, నా విభాగం.

మా తాతగారికి గోదావరి మీద లాంచీలు ఉండేవి. రేవులో జనం మా లాంచీ కూత విని పొద్దు తెలుసుకునేవారని చెబుతారు. తర్వాత వంతెనలు వచ్చాయి, అన్నదమ్ముల మధ్య దావాలు వచ్చాయి, నా చదువు పూర్తయ్యేనాటికి ఇంటిపేరు తప్ప ఏమీ మిగల్లేదు. టికెట్ కోసి ఇవ్వడం నాకు కొత్త పని కాదు, ఒకరి కింద కూర్చుని కోయడమే కొత్త. ఆ ఇంటి నుంచి రెండు అలవాట్లు నాతో సముద్రం దాటాయి. ఒకటి, వేళ తప్పకపోవడం. రెండోది, ఎదుటి మనిషిని కారణం అడగకపోవడం. మా ఇంట్లో వచ్చినవారికి ఏం కావాలో అడిగేవారు గానీ ఎందుకు కావాలో అడిగేవారు కాదు. అది మర్యాద అని నాకు నేర్పారు.

సుభద్రగారు ఒక శనివారం మధ్యాహ్నం వచ్చారు. వయసు యాభైకి దగ్గర. గుంటూరు వైపు మనిషి. వన్-నార్త్‌లో ఒక పరిశోధనాశాలలో నాణ్యత తనిఖీ చూస్తారు, ఇల్లు సెంగ్‌కాంగ్‌లో. భర్త లేరు, కూతురు మేఘన ఉద్యోగంలో చేరి ఏడాదైంది.

"డెన్మార్కు, స్వీడను, నార్వే, ఫిన్లాండు. నాలుగు వారాలు. ఒక్కదాన్నే వెళ్తానండీ," అన్నారు. "కారు వద్దు. రాత్రి ప్రయాణాలు వద్దు."

"ఎప్పుడు అనుకుంటున్నారు?"

"జూన్‌లో అయితే?"

నేను తల అడ్డంగా ఊపాను. జూన్‌లో ఇక్కడ బడి సెలవులు, విమానాలు నిండిపోతాయి. పైగా మనవాళ్లు అంత దూరం వెళ్లేది అక్కడ రాత్రి ఆకాశంలో ఆడే పచ్చని వెలుగులు, అరోరాలు, చూడటానికి. "జూన్‌లో అక్కడ రాత్రే ఉండదు, ఇక వెలుగులెక్కడ? అవి చూడకుండా వస్తే నన్నే తిట్టుకుంటారండీ. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మంచిది," అన్నాను.

ఆవిడ కాసేపు బల్ల వైపు చూశారు. "మీకు తెలిసినంత నాకు తెలీదు లెండి," అన్నారు. జూనే ఎందుకని నేను అడగలేదు.

పది రోజుల్లో ఐటినరరీ తయారు చేశాను. ఏ రోజు ఏ ఊరు, ఏ బండి, ఎక్కడ బస అన్నీ ఉండే కాగితం అది. దాన్ని 'ఓపెన్ జా'గా వేశాను, అంటే విమానం దిగేది ఒక ఊళ్లో, తిరిగి ఎక్కేది ఇంకో ఊళ్లో, వచ్చిన దారినే వెనక్కి రానక్కర్లేకుండా. కోపెన్‌హాగెన్‌లో దిగి, రైళ్ల మీద ఓస్లో, అక్కడి నుంచి కొండల మీదుగా బెర్గెన్, బెర్గెన్ నుంచి తీరం వెంట, రాత్రుళ్లు గదిలోనే పడుకునే ఓడలో ఉత్తరానికి ట్రోమ్సో, తర్వాత బస్సులో నార్విక్, మళ్లీ రైళ్లు, బస్సుల మీద స్వీడన్ దాటి ఫిన్లాండ్, చివరికి హెల్సింకి. ఎక్కడా కారు ఎక్కే పని లేదు. నా పనిలో నేను గర్వపడే కాగితాల్లో అది ఒకటి.

సుభద్రగారు దాన్ని తీసుకెళ్లి వారానికల్లా తిరిగి తెచ్చారు, మేఘనతో సహా.

"బావుందండీ ప్లాను. కాకపోతే ఈ బండి కంటే ముందుది ఏదన్నా ఉందేమో చూడండి. ఇదీ అంతే. ఇంకా ఇక్కడ కూడా."

"ఈ బండి అయిదుంబావుకి చేరుతుందండీ. ఇబ్బంది ఏముంది?"

మేఘన ముందుకు వంగింది. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడి పిల్లల అలవాటు. "అంకుల్, అమ్మకి అన్నీ డే టైమ్‌లో పెట్టండి. ఈవెనింగ్ అంటే కాన్‌ట్ లా."

"అయిదుంబావు పగలేనమ్మా."

"ఇక్కడ పగలు, అంకుల్."

తల్లి మేఘన మోచేతి మీద తట్టారు. ఆ పిల్ల పెదవి బిగించి ఫోన్ చూసుకోసాగింది. నేను ఐదు బండ్లు మార్చాను. ఒక్క మాట మీద ఐదు బండ్లు మార్చడం నాకు నచ్చలేదని నా ముఖం చెప్పే ఉంటుంది.

మూడోసారి మార్చిలో, ఒక పనిదినాన సాయంత్రం ఐదున్నరకు ఒక్కరే వచ్చారు. కాగితాలు నా ముందు పెట్టారు. ప్రతి ఊరి పేరు పక్కనా పెన్సిల్‌తో సన్నగా ఒక వేళ రాసి ఉంది. ఒక చోట 18:41, తర్వాతి ఊరికి 18:09, ఉత్తరానికి పోయేకొద్దీ ఇంకా ముందు. ఆ దారిలో బండ్ల వేళలు నాకు కంఠతా వచ్చు. ఆ వేళల్లో ఏ బండీ లేదు. ఇంకెవరో తెలిసీ తెలియని ఏజెంటు ఇచ్చిన అంకెలను నా ఐటినరరీ మీద రాసి, నాతోనే సరిచేయిస్తున్నారని అనుకున్నాను.

"ఇంకో చోట కూడా అడుగుతున్నారా?" అన్నాను. "అడగడం మీ హక్కు. కానీ రెండు చోట్ల వండిన కూర కలిపితే తినలేరండీ."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఎవర్నీ అడగలేదు," అని కాగితాలు మడిచి లేచారు. నేను లేచి నమస్కారం పెట్టాను. పిలిచి కూర్చోబెట్టాలని తోచలేదు.

బయట అప్పుడే వాన విరుచుకుపడింది. ఆరింటికే వీధి నల్లబడింది. మా మెట్ల మీది దీపం పోయి రెండు రోజులైంది. రెండు నిమిషాల తర్వాత తలుపు వేయబోతే, ఆవిడ ఇంకా మెట్ల పైనే, గోడకు అరచేయి ఆనించి నిలబడి ఉన్నారు.

"ఏమైనా మర్చిపోయారా?"

"లేదండీ. ఎప్పుడూ పద్దెనిమిది మెట్లు లెక్కపెట్టుకుని దిగుతాను. ఇవాళ మొదటిదే కనపడట్లేదు."

నాకు మెట్లన్నీ మసకగా అయినా కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ కాలు ముందుకు చాచి, గాలిలో వెతికి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. ఆవిడకు మసకలో చూపు ఆనదని అప్పుడు నాకు అర్థమైంది. పరాయి ఆడమనిషి చేయి పట్టుకోవడం నాకు, పట్టుకోమనడం ఆవిడకు, ఇద్దరికీ చేతకాలేదు. గొడుగు తెచ్చి దాని పిడి ఆవిడ చేతికిచ్చాను. రెండో కొన నేను పట్టుకుని ఒక్కో మెట్టూ బిగ్గరగా చెబుతూ ముందు దిగాను.

కింద కాఫీ దుకాణంలో మంచి వెలుగున్న బల్ల దగ్గర కూర్చున్నాం. మేఘనకు ఫోన్ చేసి రమ్మన్నారు. తర్వాత ఆ కాగితాలు తెరిచి, "ఇవి బండ్ల వేళలు కావండీ. సూర్యాస్తమయాలు," అన్నారు.

అది రేచీకటి అట. రెటీనా జబ్బు. మొదట రాత్రి చూపు పోతుంది, తర్వాత పగటి చూపు కూడా పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది. ఇంకెన్నాళ్లని డాక్టరు చెప్పలేదు. వంశంలో వచ్చేది కాబట్టి ఊళ్లో అన్నగారు ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. వాళ్ల అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఇక్కడ తెలుగువాళ్లలో పొద్దున ఒకరికి చెబితే సాయంత్రానికి గుంటూరు చేరుతుంది.

"సింగపూర్ నన్ను కాపాడిందండీ," అన్నారు. "ఇక్కడ ఏడాది పొడుగునా ఏడింటికే చీకటి పడుతుంది. గడియారం చూసుకుని బతకొచ్చు. ఆరున్నరకల్లా సెంగ్‌కాంగ్ చేరిపోతే ఎవరికీ తెలీదు. మీ అక్టోబర్‌లో అట్లా కుదరదు. రోజుకో వేళ. అందుకే రాసుకున్నా."

"జూన్ అన్నది అందుకా?"

"ఆ. అక్కడ రాత్రే ఉండదని చదివా, మీరూ అదే అన్నారు. అది విని నా ప్రాణం లేచొచ్చింది. కానీ ఎందుకని చెప్పలేకపోయా. మీరూ అడగలా."

మేఘన వానలో తడుస్తూ వచ్చింది. "చెప్పేశావా అమ్మా? ఫైనల్లీ!"

"నేను చెప్పలేదే. మెట్లు చెప్పాయి."

"అంకుల్, నేను ఫస్ట్ డే నుంచి అంటున్నా, చెప్పెయ్ లా అని. వినదు. నేనూ లీవ్ పెట్టి వస్తానన్నా. అదీ వద్దంటుంది."

"రేపు నన్ను చెయ్యి పట్టుకుని తిప్పేది ఎటూ నువ్వే," అన్నారు సుభద్రగారు. "ఈ ఒక్కసారికి నన్ను వదిలెయ్ తల్లీ."

ఆ పిల్ల కాఫీ కప్పు తల్లి చేతికి దగ్గరగా జరిపింది.

మర్నాడు సెప్టెంబర్ ఐటినరరీ చింపేసి జూన్‌కు కొత్తది మొదలుపెట్టాను. మూడు నెలల వ్యవధే ఉంది. ఉత్తరానికి పోయే ఓడలో గదులు దాదాపు అయిపోయాయి, బయటికి కిటికీ ఉన్న గది ఒక్కటి దొరకడానికి రోజులు పట్టింది. షెంగెన్ వీసా, అంటే ఆ దేశాలన్నిటికీ చెల్లే ఒకే వీసా, ఎక్కువ రాత్రులు గడిపే దేశం నుంచి అడగాలి కాబట్టి రాత్రుల లెక్క నార్వే వైపు మొగ్గేలా చూశాను. నడి వేసవి పండగ వారాంతంలో స్వీడన్‌లో కొట్లు మూస్తారు, బస్సులు తగ్గిస్తారు. ఆ మూడు రోజులు ఆవిడ కదలకుండా అక్కడి లూలియో ఊళ్లోనే ఉండేలా పెట్టాను. కనెక్షన్, అంటే ఒక బండి దిగి ఇంకోటి ఎక్కే మధ్య వ్యవధి, మామూలుగా పావుగంట చాలు. ఆవిడకు కాళ్ల దగ్గర పెట్టెలు, పక్కల మనుషులు కనపడరు కాబట్టి గంటకు తగ్గకుండా వేశాను. దక్షిణాన జూన్‌లో కూడా రాత్రి కాస్త చీకటి పడుతుంది, అక్కడ బస స్టేషన్ ఎదురుగానే.

ఒక్క దగ్గర ఆగిపోయాం. పెద్ద స్టేషన్లలో ముందుగా చెబితే ఒక మనిషి వచ్చి బండి మార్పిస్తారు, దాన్ని అసిస్టెన్స్ అంటారు. అడగాలంటే పేరు పక్కన కారణం రాయాలి. ప్రయాణ బీమాకూ అంతే, జబ్బు దాస్తే ఆపద వేళ అది పనికిరాదు.

"పేరు పక్కన రాయొద్దండీ," అన్నారు సుభద్రగారు. "ఒకసారి రాస్తే అది నా పేరైపోతుంది."

నియమాలు వినిపించవచ్చు. వాటికి బదులు, ఏ క్లయింటుకూ చెప్పని సంగతి చెప్పాను. లాంచీలు చేతులు మారాక మా నాన్నగారు వాటిలో కాలు పెట్టలేదు. టికెట్ కొనడం చిన్నతనం అనుకున్నారు. కొత్త యజమాని ఆయన దగ్గర టికెట్ డబ్బులు తీసుకోనన్నాడు, అది ఇంకా అవమానమైంది. అవతలి ఒడ్డున మా మేనత్తకు ప్రాణం మీదికి వచ్చిందని కబురు వచ్చిన రోజు కూడా ఆయన రేవు వైపు వెళ్లలేదు. రేవు దాటితే అరగంట. ఆయన వంతెన మీదుగా చుట్టూ తిరిగి చేరేసరికి ఆవిణ్ణి బయట పడుకోబెట్టారు. నాన్నగారు ఆ తర్వాత పదిహేనేళ్లు బతికారు. ఆ రోజు గురించి ఆయన మాట్లాడలేదు, మేం అడగలేదు.

సుభద్రగారు ఆ కాగితాన్ని నా వైపు జరిపారు. తర్వాత, "రాయండి. బండ్లు మారే చోట్ల మాత్రమే. పక్కన నడవాలి, నన్ను లాక్కెళ్లకూడదు. అది కూడా రాయండి," అన్నారు. రాశాను.

జూన్ మొదటి వారంలో బయల్దేరారు. ఆ నాలుగు వారాలు నేను రోజూ పొద్దున లేవగానే ఫోన్ చూశాను. ఓస్లోలో అసిస్టెన్స్ మనిషి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని ఒకసారి, కొండల మీద మంచు మెరుపుకి కళ్లు చెదిరి నల్లద్దాలు రెండు జతలు పెట్టుకున్నానని ఒకసారి రాశారు. ట్రోమ్సో చేరాక రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు ఒక ఫోటో వచ్చింది. ఖాళీ వీధి, రంగు చెక్క ఇళ్లు, ఇళ్ల మీద పసుపుపచ్చని ఎండ. కింద ఒక్క వాక్యం: "టైము రాత్రి పదకొండున్నర, ఒక్కదాన్నే బయటికొచ్చా."

జూలైలో వచ్చి కూర్చుని ఆ సంగతి చెప్పారు. హోటల్ గదిలో నిద్ర పట్టక, కిటికీలో ఎండ చూసి, చెప్పులేసుకుని దిగారట. రేవు దాకా నడిచారు. తెరిచి ఉన్న ఒక చిన్న కొట్లో రొట్టె ముక్క కొనుక్కుని బల్ల మీద కూర్చుని తిన్నారు. జబ్బు బయటపడ్డ ఈ ఎనిమిదేళ్లలో పొద్దుపోయాక ఒంటరిగా గడప దాటడం అదే మొదటిసారి.

"ఫ్యోర్డులూ, ఆ కొండల మధ్య సముద్రపు పాయలూ, ఓడా అన్నీ బావున్నాయండీ. కానీ నేను వెళ్లింది దీనికేనని అక్కడ కూర్చున్నాక తెలిసింది. ఎవరూ నా వంక చూడలా. అందరిలాగే ఉన్నా."

నా కాగితంలో ఆ రోజు ఎదురుగా 'విశ్రాంతి' అని మాత్రమే ఉంది.

ఇప్పుడు ఆవిడ తెల్ల కర్రతో నడుస్తారు. అన్నగారికి తానే ఫోన్ చేసి ఇక దాచనని చెప్పారట. ఆయన ఏడాదిగా మాట్లాడటం లేదు. అది తేలికైన సంగతి కాదు, తేలికైనదిగా ఆవిడా చెప్పలేదు.

ఆ జనవరి శనివారం నేనొక్క మాట అడిగి ఉంటే సుభద్రగారు చెప్పేవారో లేదో తెలియదు. చెప్పకపోయినా, అడిగానన్నది ఆవిడకు తెలిసేది. అడగకపోవడం మర్యాద అని నేర్చుకున్నాను. ఆ మర్యాద ఆవిడను రెండు నెలలు ఒంటరిగా కూర్చోబెట్టి సూర్యాస్తమయాలు లెక్కపెట్టించింది. నన్ను మాత్రం ఏ ఇబ్బందీ పడనివ్వలేదు. ఈ పనిలో అలాంటి మర్యాద పనికిరాదు.

ఇప్పుడు కొత్తవారు వచ్చి ఫలానా నెలలో వెళ్తామంటే, "ఆ నెలే ఎందుకండీ?" అని అడుగుతున్నాను. కొందరు ఇతనికెందుకన్నట్టు చూస్తారు. కొందరు నవ్వి సెలవులండీ అంటారు. కొందరు బల్ల వైపు చూస్తారు. అలా చూసినవారి ఎదుట నేను కలం కింద పెట్టి కూర్చుంటాను. వారు నోరు తెరిచేదాకా తేదీ వేయను.