వీణకు గట్టి పెట్టె కోసం వెలిమెల నుంచి లక్డారం దాకా

మా అమ్మాయి శారదను మైసూరు వాళ్ళు కచేరీకి పిలిచారండీ! గంటసేపు తానొక్కతే వీణ వాయించాలి. నలభై ఒకటో ఏట మొదటి కచేరీ. కంది దగ్గర బడిలో లెక్కలు చెప్పుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, తెల్లవారుజామున సాధన చేసుకున్న పిల్ల. ఆ ఉత్తరం చదివి ఈ ముసలి తండ్రి మూడు ఇళ్ళకు మైసూరుపాకు పంచాడు. అయితే ఒక చిక్కు. ఆమధ్య గుడ్డ సంచిలో పెట్టి విజయవాడ బస్సులో తీసుకెళ్తే వీణ చివర చెక్కిన యాళి, అంటే సింహపు తల, విరిగింది. దాన్ని అతికించిన దగ్గర్నుంచి అమ్మాయికి భయం. "నాన్నా, గట్టి పెట్టె దొరక్కపోతే మన వీణ కదిలించను, అక్కడ ఎవరిదైనా అడిగి వాయిస్తా" అంది. రైలు మర్నాడు సాయంత్రం. మొదటి కచేరీ అరువు వీణ మీదా? నేను ఒప్పుకుంటానా!

పొద్దున ఎనిమిదింటికి వెలిమెలలో ఆటో మాట్లాడుకున్నాను, రోజంతటికీ పదిహేను వందలు. వీణను బొంతలో చుట్టి వెనక సీటు మీద పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. డ్రైవరు అంజయ్య వెనక్కి తిరిగి, "ఏంది సార్, పేషంటా? ఏ దవాఖానకు పోదాం?" అన్నాడు. వీణ అని చెప్పాక మాత్రం ప్రతి గుంత దగ్గరా "అమ్మా, జెర పట్టుకో" అని దానికే చెప్పడం మొదలెట్టాడు. నాకు చెప్పలేదు.

తొమ్మిదింటికి పటాన్‌చెరు. సంచులు, సూట్‌కేసులు అమ్మే దుకాణంలో గిటారు పెట్టె ఒకటి చూపించారు. వీణ కుండ అందులో సగం కూడా దిగదు. "తలకాయ బయటికి పెట్టి తాడు కట్టుండ్రి, అయిపాయె" అన్నాడు దుకాణదారు. విరిగిందే ఆ తలకాయ నాయనా! అక్కడి నుంచి లారీల మధ్య ఈదుకుంటూ, కంది మీదుగా సంగారెడ్డి చేరేసరికి పదకొండు. అక్కడి వడ్రంగి మంచి పనివాడే, కానీ చూపించిన చెక్క తలుపుల చెక్క. ఒక పలక ఎత్తి చూస్తే నా నడుము కలుక్కుమంది.

"ఇంత బరువైతే రైలెక్కించేదెలా అయ్యా?"

"వజనుంటెనే మాల్ సలామత్ ఉంటది పెద్దాయనా. ఇద్దరు హమాలీలను పెట్టుకోండ్రి."

బయటికొస్తే అంజయ్య ఆటోను ఎండలో ఆపి టీకి పోయాడు. వీణ మెట్లు నిలిచేది మైనం మీద, ఎండకు అది కరిగితే సర్వనాశనం. గొడుగు పట్టుకుని పావుగంట నిలబడి, అతను రాగానే నోటికొచ్చినట్టు అరిచాను. చివరికి దారి చూపించిందీ అతనే. "మా బావమరిది డీజే పెట్టెలు లక్డారంల చేపిస్తడు. ఊరేగింపుల కింద పడ్డా స్పీకర్ పగల్లె" అన్నాడు.

పన్నెండున్నరకు లక్డారం. రేకుల షెడ్డు, లోపల మల్లేశం. పలచని ప్లైవుడ్, అంచులకు అల్యూమినియం, మూలలకు ఇనుప తొడుగులు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. ధర ఆరున్నర వేలు. సొరకాయ బుర్ర మర విప్పితే ఊడుతుంది, దానికి వేరే అర అన్నాడు. నేను గర్వంగా జేబులోంచి గీతల కాగితం తీశాను. ముప్పై రెండేళ్ళు ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. వీణను మిల్లీమీటర్లలో కొలిచాను.

"ఇందుల ఫోమ్‌కు జాగ ఏది సార్?"

"ఫోమెందుకు? కదలకుండా బిగుతుగా కూర్చుంటే చాలు. సందు ఉంటేనే పని చెడుతుంది."

"ఇగ మీ ఇష్టం" అని రంపం ఆన్ చేశాడు.

పక్క మెస్సులో తొంభై రూపాయల భోజనం చేసి, నాలుగున్నర దాకా కాచుక్కూర్చున్నాను. పెట్టె వచ్చింది. వీణ అందులో వెంట్రుక సందు లేకుండా దిగింది. నా ఆనందం చెప్పలేను! మల్లేశం మూత మూసి, వేలి కణుపుతో పైన టక్కున కొట్టాడు.

లోపలి నుంచి వీణ జుమ్మంది. ఏడు తీగలూ ఒక్కసారే.

"విన్నరా? దెబ్బ పెట్టెకు కొడితె అమ్మకు తాకింది. బేరింగ్‌కు సందు వద్దు సార్, దీనికి సందే గావాలె."

మళ్ళీ చెక్క కోసి, అంచులు కొట్టి, రేపటికి అయ్యేనా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను లోపలికెళ్ళి రెండంగుళాలు పెద్దగా కోసిన పలకలు తెచ్చి కింద పెట్టాడు.

"మీరు మెస్సుకు పోంగనే కోసి పెట్టిన. ఈ చుట్టుపక్కల రిటైరైన ఫిట్టర్లకు కొదవనా? అందరు గిట్లనే కాయితం తెస్తరు."

"మరి ముందే చెప్పొద్దా?"

"చెప్పిన గద! మీరు ఇన్నరా?"

అంజయ్య పడీపడీ నవ్వాడు. పలకలు బిగించి, ఫోమ్ అతికించి ఇచ్చేసరికి ఆరున్నర. ఇంటికెళ్ళగానే అమ్మాయి పెట్టె మూత మీద అరచేత్తో బాదింది. చప్పుడు లేదు. తెరిచి తీగ మీటింది. శ్రుతి ఇసుమంతైనా జారలేదు. "మన వీణే తీసుకెళ్తా నాన్నా" అంది. ఆ మాట కోసమే కదా దుమ్ము మింగింది!

రోజంతా అందరి మీదా విసుక్కున్నాను. నిజం చెప్పాలంటే విసుక్కోవలసింది నా కాగితాన్ని. బతుకంతా సందు లేకుండా బిగించడమే పనితనం అనుకున్నవాణ్ణి, మెత్తగా ఒదిగేందుకు కాస్త చోటు వదలడమూ పనితనమేనని అరవై తొమ్మిదో ఏట, డీజే పెట్టెల షెడ్డులో నేర్చుకున్నాను. మీలో ఎవరైనా వాయిద్యానికి పెట్టె చేయించుకుంటే కొలతలు కాదు, వాయిద్యాన్నే వెంట తీసుకెళ్ళండి. డబ్బు ఇచ్చేముందు లోపల పెట్టించి, మూత మూసి, ఒక్కసారి పైన తట్టండి. వీణ పలికిందా, ఆ పెట్టె అక్కడే వదిలేయండి.