కొండ మీది నీలిమందు

"రైళ్ళకి రైళ్ళు నీలిమందు కొండ దిగి ఎల్లిపోతంటే మనం దుకాణంలో కొనడమేటమ్మా?"

"అది నీలిమందని నీకెవలు సెప్పినారే?"

"నాన్నే సెప్పినాడు."

"మీ నాన్న బండికి జెండా ఊపుతాడు గానీ బట్టలు ఉతకడు. మాటాడకుండా బజారుకెల్లి తే."

"ఎల్లను. ఊరికే దొరికినదానికి డబ్బులు పోసినోలంత తెలివితక్కువోలు మరి లేరు."

చివరి మాట నాదే. పదిహేనేళ్ళ వయసులో మా ఇంట్లో ఏ తగాదాలోనైనా చివరి మాట నాది, ఆ తరవాత మొదటి దెబ్బ కూడా నాదే. ఆ రోజు మాత్రం అమ్మ చెయ్యెత్తే తీరిక లేక వదిలేసింది. ఒక్కటి తగిలించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. తగిలించకపోబట్టి, తెల్లచీర కట్టుకుని పెళ్ళి చేసుకోవలసిన పిల్లని నేను సన్నాసుల్లో కలిపినంత పని చేశాను. ఎలాగో చెబుతాను, వినండి. నవ్వు వస్తే నవ్వండి, నాకేం పోదు.

కిరందుల్‌లో ఇనుపరాయి గనులు కొత్తగా తవ్వుతున్న రోజులవి. ఆ రాయిని విశాఖపట్నం మోసుకుపోయే గూడ్సుబండికి మా నాన్న గార్డు. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి ఆయన వెంట మేమూ రైల్వే క్వార్టరులోకి వచ్చి పడ్డాం. నా చదువు పల్లెలో మూడో తరగతి దాకా నడిచింది. ఇక్కడ హిందీ బడిలో కూర్చోబెట్టారు గానీ, ఆ బడిలో నాకు అర్థమయింది ఇంటికి పొమ్మనే గంట ఒక్కటే. కొన్నాళ్ళకి వాళ్ళూ విసిగారు, నేనూ విసిగాను.

చదువు తక్కువైనా నమ్మకాలకు కొదవ లేదు. అవి గాలిలోంచి ఊడిపడినవీ కావు, కళ్ళారా చూసి కూడబెట్టుకున్నవి. మా పల్లెలో చాకలి సూరమ్మ చెరువు దగ్గర గీరుకొచ్చిన చౌడు మట్టి వేసి బట్టలు ఉడకబెడితే అవి కొంగల్లా తెల్లబడి వచ్చేవి. మట్టితో బట్ట తెల్లబడుతుందని మీకెవరైనా చెబితే నమ్ముతారా? నేను చూశాను. తలకి కుంకుడుకాయలు చెట్టు ఇచ్చేది, గిన్నెలకి బూడిద పొయ్యి ఇచ్చేది. ఇవన్నీ చూసి పెరిగిన పిల్లని కాబట్టి నాకు ఒక మతం ఏర్పడింది. మనిషికి కావలసినవన్నీ భూమిలోనే ఉన్నాయి, వంగి తీసుకోలేని బద్ధకస్తుల కోసం దుకాణాలు పెట్టారు. ఇదీ నా మతం. అందులో నన్ను మించిన భక్తురాలు ఆ లైను మొత్తం మీద లేదు.

ఇలా ఉండగా ఒకనాడు నాన్న డ్యూటీ దిగి వచ్చి, ఇవాళ లోడంతా బ్లూ డస్టే అన్నాడు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. బ్లూ అంటే నీలమని నాకు తెలుసు. ఇంజను డ్రైవర్లు వేసుకునేవి బ్లూ బట్టలు, మా నాన్నవి తెల్లబట్టలు. నాకు వచ్చిన ఇంగ్లీషులో సగం అదే.

"డస్టంటే ఏటి నాన్నా?" అన్నాను.

"పొడే" అన్నాడు ఆయన, బూట్లు విప్పుకుంటూ.

నీలం, పొడి. ఇక నాకు వేరే సాక్ష్యం దేనికి? మర్నాడు పట్టాల పక్కకి వెళ్ళి చూశాను. వ్యాగన్ల నుంచి రాలిపడి నల్లగా, నీలంగా, కాటుకలో అద్దం నూరి కలిపినట్టు మెరుస్తోంది. చూడండి, కిరందుల్‌లో తాడు మీద ఆరేసిన బట్ట సాయంత్రానికి ఎర్రబడేది. ఆ దుమ్ము కొండదే. ముల్లును ముల్లుతోనే తియ్యాలన్నారు కదా, కొండ పెట్టిన రోగానికి కొండే మందు కూడా పంపిస్తోందని నేను తేల్చేశాను. పాలపొడి డబ్బా తీసుకెళ్ళి చీపురుతో ఊడ్చి నింపుకుంటూంటే కాపలావాడు వచ్చి ఏం ఎత్తుకుపోతున్నావని హిందీలో గదమాయించాడు. "నీల్" అన్నాను. బట్టలకు పెట్టే నీలిమందుని ఇక్కడి దుకాణాల్లో అలాగే అంటారు. అతను నన్ను చూశాడు, డబ్బా చూశాడు, కొండ వైపు చూశాడు, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. నా తెలివికి అబ్బురపడ్డాడనుకున్నాను.

మా పక్క క్వార్టరులో మార్తమ్మ పిన్ని ఉండేది. వాళ్ళది విజయనగరం వైపు, క్రైస్తవులు. ఆవిడ కూతురు సలోమి. మా వైపు అక్కని అప్ప అంటాం, నాకు ఆమె సలోమప్ప. ఆమెకు పెళ్ళి కుదిరింది. పిన్ని తన పెళ్ళికి కట్టుకున్న తెల్ల నూలుచీర పెట్టెలో దాచి ఉంచింది. ఆ చీర సలోమప్ప అమ్మమ్మ దగ్గరుండి నేయించింది. ఆ అమ్మమ్మ ఇప్పుడు లేదు. నా పెళ్ళికి అమ్మమ్మ చీరే కడతాను, ఇంకేదీ కట్టను అని సలోమప్ప పట్టు పట్టింది. పెట్టెలో మగ్గి మగ్గి ఆ చీర నెయ్యి రంగు తిరిగింది. ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టాలి. ఆ పని నాకు అప్పగించారు. ఎందుకంటే నాన్న గార్డు బట్టలకు గంజి పెట్టేది నేనే, ఆ చొక్కా మడత మీద వంకాయ పెడితే రెండు ముక్కలయ్యేది.

పెళ్ళి రేపనగా ఈ పని. అమ్మ నన్ను నీలిమందు తెమ్మని, నేను వెళ్ళనని, ఆ తగాదా మీరు విన్నారు. అమ్మా పిన్నీ పెళ్ళి కూరల కోసం సంతకి వెళ్ళిపోయారు. నేను డబ్బా తీశాను.

గంజిలో పొడి కలపగానే నా కళ్ళు నాకు చెప్పాయి. గంజి మిరపకాయలు నూరిన రోలు కడిగిన నీళ్ళలా అయింది. కానీ పట్టుదల ఉన్న మనిషికి కళ్ళతో పనేముంది? సలోమప్ప పెరటి గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఒలే పైడీ, నీలిమందు ఎర్రగుందేటే?"

"ఆరితే నీలం తేలతాది అప్పా. గోరింటాకు పచ్చగా ఉండదా? పండితే ఎర్రబడదా? ఇదీ అంతే, తిరగేసి."

సలోమప్ప ఒక్క క్షణం ఆలోచించింది. "నీకు తెలుసులే" అంది. ఇంత వయసొచ్చింది గానీ, ఆ మాటంత బరువైనది నా నెత్తిన మళ్ళీ ఎవరూ పెట్టలేదు.

ముంచాను, పిండాను, ఆరేశాను. ఎండ తగిలేకొద్దీ నీలం తేలలేదు. ఇటుక తేలింది. గంజి ముద్దకట్టిన చోట ముదురుగా, మడత పడిన చోట లేతగా, మధ్య మధ్య తెల్లగా. గాలికి ఊగుతూంటే తాడు మీద పులిని ఆరేసినట్టుంది. బ్లూ డస్టంటే గనివాళ్ళు ఇనుపరాయి పొడికి పెట్టుకున్న పేరేనని, తడిస్తే అది ఎర్రబడుతుందని తరవాతెప్పుడో తెలిసింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత సామెత. మా వాళ్ళు కొండను తవ్వి ఇనుము పట్టారు, నేను పులిని పట్టాను.

దాన్ని దింపి సబ్బు పెట్టాను. చాకలిసోడా పెట్టాను. చింతపండు పులుసుతో రుద్దాను. మరక పోలేదు సరికదా, తీర్థానికి వచ్చిన మనిషిలా చీరంతా తిరిగి చూసొచ్చింది. నా చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. మళ్ళీ ఆరేసి, ఆ తాడు కింద కూర్చున్నాను. ఏడవలేదు. ఏడిస్తే అమ్మ మాట నెగ్గినట్టవుతుంది.

అమ్మా పిన్నీ తిరిగి వచ్చారు. పిన్ని చీర చూసి, చేతిలో బుట్ట పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుండిపోయింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. అనవలసినదంతా అమ్మే అంది.

"పెళ్ళి సీర ఉతకమంటే కావి రంగేసినావు. పిల్లకి మొగుడెందుకు మరి, కమండలం ఇచ్చి కొండెక్కించీ."

సలోమప్ప బయటికి వచ్చింది. చీర అంచు పట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మమ్మ సీరే గదా" అంది. "ఇదే కడతాను."

"పులిచారలతో పాస్టరు గారి ముందు నిలబడతావేటే?" అంది పిన్ని. అప్పటికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను లేచి నిలబడ్డాను. అక్కడ నోరెత్తే హక్కు నాకు లేదని నాకూ తెలుసు. అయినా ఎత్తాను.

"చారలు లేకుండా నాను సేస్తాను పిన్నీ. మచ్చలు మచ్చలుగా ఉంటే మరకంటారు. అంతా ఒక్కలాగుంటే దాన్నే రంగంటారు."

అమ్మ చెయ్యి లేచింది. పొద్దుటి బాకీ కూడా కలిపి లేచిందది. సలోమప్ప మధ్యలోకి వచ్చింది.

"సెయ్యనీ పెద్దమ్మా. ఇంతకన్నా పాడవడానికి ఏటుంది?"

మార్తమ్మ పిన్ని లేచి వెళ్ళి, తన పొయ్యి మీదే గంజి కాచి తెచ్చింది.

అప్పుడు నేను పుట్టి బుద్ధెరిగాక చేయని పని ఒకటి చేశాను. పాత పంచె ముక్క చింపి, ముందు దాన్ని ముంచి, ఆరబెట్టి చూశాను. లేతగా వచ్చింది. ఇంకాస్త పొడి వేశాను. మళ్ళీ ముక్క ముంచాను. పొడి అడుగుకి దిగకుండా సలోమప్ప కర్రతో కలుపుతూనే ఉంది. ముక్క నా మనసుకి సరిపోయాకే చీర ముంచాను. ఈసారి తాడు మీద వేయలేదు. నలుగురం నాలుగు చెంగులు పట్టుకుని పెరట్లో ఎండలో నిలబడ్డాం, ఎక్కడా మడత పడకుండా. అమ్మ తన చెంగు పట్టుకునే, నిలబడినంతసేపూ నన్ను తిట్టింది. చారలు కలిసిపోయాయి. చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేశాను.

సాయంత్రం నాన్న వచ్చి చీర చూసి బాగుందే, ఏ ఊరి నేత అని అడిగాడు. నీ బండిలోది, అంది అమ్మ. ఆయనకు అర్థం కాలేదు. చెప్పే ఓపిక మాకు లేదు.

మా మనవరాలికి ఇప్పుడు పదిహేనేళ్ళు. దాని మతం వేరు, ఫోనులో చూసిందంతా నిజమంటుంది. వాదించి ప్రయోజనం లేదని నాకు తెలుసు. ఆ వయసు పిల్లల నమ్మకాలు పచ్చి కుండల్లాంటివి, మనం తడితే సొట్టపడతాయి గానీ కాలవు. కాలాలంటే వాళ్ళ ఆవంలో వాళ్ళే దిగాలి. నేను చెయ్యగలిగింది ఒక్కటే. అది ఏం చేస్తానన్నా, ముందు ఒక మూల తడిపి చూడు అంటాను. వినదు. నేను విన్నానా?

పొదుపు మానేశానని మాత్రం అనుకోకండి. కుంకుళ్ళు ఈనాటికీ కొనను. కానీ పెద్దల ముందు, మీ అందరి ముందు, ఉతికిన బట్ట మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను: ఈ కట్టెలో ఊపిరి ఉండగా, పేరు విని ఏ పొడినీ గంజిలో కలపను. ఎదుటివాళ్ళ చీరకైతే అసలు కలపను. ఇంగ్లీషు పేరున్న పొడికైతే డబ్బా మూతే తియ్యను.

ఇంతకీ పెళ్ళి సంగతి చెప్పనేలేదు. చీర ఆరిన మర్నాడు ఉదయం పెళ్ళివారు లారీ ఎక్కి చర్చికి బయల్దేరారు. పెళ్ళికొడుకు విశాఖపట్నం మనిషి, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని అందరికీ కనపడాలని లారీలో ముందు నిలబడ్డాడు. దారిలో వ్యాగన్లకు రాయి ఎత్తుతున్నారు, ఎదురుగాలికి ఆ దుమ్మంతా లారీ మీదికే. చర్చి గుమ్మంలో దిగేసరికి అతను కనురెప్పలతో సహా ఎర్రగా ఉన్నాడు. సలోమప్ప వచ్చి పక్కన నిలబడింది. ఆ ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇక్కడ పెళ్ళికి ఈ రంగే వేసుకుంటారా అమ్మా అని అడిగారు. అవునండి, అంది సలోమప్ప. ఆయన పుస్తకం తెరిచి పెళ్ళి చేశారు.