పెద్దబాపు దించిన తుపాకి

పెద్దబాపు పోయిన కబురు వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో మా సాంచల షెడ్డులో ఉన్నాను. మరమగ్గాల చప్పుడుకు ఫోన్లో పెద్దమ్మ మాట వినపడక, బయటికి వచ్చి మళ్ళీ అడిగాను. "మీ పెద్దబాపు లేడు బిడ్డా. చాయ్ తాగి అరుగు మీద ఒరిగిండు, గంతే" అంది. మా ఆయనకు చెప్పి, వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు. ఆయన మీద కోపమే వచ్చింది. అన్ని పనులూ నిదానంగా చేసే మనిషి, పోవడానికి మాత్రం ఇంత తొందరెందుకు?

మా నాన్నకు అన్న ఆయన. మల్లాపూర్ దగ్గర ఊరు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు తాళ్ళెక్కి కల్లు గీశాడు. మోకును గుంజి చూడకుండా ఏనాడూ చెట్టెక్కలేదు. చెట్టు దిగాక చేతికి మిగిలింది తుపాకి. పంట కాపలాకు లైసెన్సున్న ఒంటిగొట్టం పాత తుపాకి, గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, ఊసతో కూరాలి. చేన్లమీద అడవిపందులు పడితే సర్పంచ్ కాగితం ఇచ్చి పిలిచేవాడు. లైసెన్స్ పని మీద జగిత్యాల పోవాల్సి వస్తే పెళ్ళికి పోయినట్టు ఇస్త్రీ బట్టలు వేసుకునేవాడు.

మందు పోసేటప్పుడు ఆయన్ను చూడాలి. పొయ్యికి దూరంగా పెరట్లో పీట వేసుకుంటాడు. బీడీ తాగేవాళ్ళు గడప దాటొద్దు. ఫోను పెద్దమ్మ కొంగులోకి పోవాలి, కుక్కను కట్టెయ్యాలి. తానే చేసుకున్న ఇత్తడి కొలతలో మందు నింపి, పాత బస్సుపాసు అంచుతో పైన సమం చేసేవాడు. గొట్టంలో పోశాక కొలతను పీట మీద బోర్లించేవాడు. నడుమ ఎవరైనా పలకరించారా, పోసిందంతా తీసి మళ్ళీ మొదటికొచ్చేవాడు. ఆ చాదస్తానికి నేను ఎన్నిసార్లు నవ్వానో!

కొత్త మందు డబ్బా తెచ్చినప్పుడు ఇంకా విడ్డూరం. పాత కొలత ఈ డబ్బాకు పనికిరాదంటాడు. బాగా తక్కువతో మొదలుపెట్టి, మట్టి గట్టుకు ఆనించిన గోనెసంచి మీద కాల్చి, దెబ్బ ఎక్కడ తగిలిందో వంగి వంగి చూస్తాడు. మళ్ళీ రవ్వంత పెంచుతాడు. దెబ్బలన్నీ ఒక్కచోట పడ్డాయంటే ఆపేస్తాడు. "ఇంకింత ఏస్తే ఇంకా దూరం పోతది గదా పెద్దబాపూ" అంటే, "మంచిగున్నకాడ ఆగాలె బిడ్డా. ఇంకింత అన్నోడే చేతి ఏళ్ళు పోగొట్టుకుంటడు" అనేవాడు.

రెండేళ్ళ కింద ఊరు ఆయన్ను నవ్వులపాలు చేసింది. పెద్దమ్మకు జ్వరమని నేను వెళ్ళిన రోజులవి. గుట్ట కింద ఎకరం కౌలుకు పట్టి మక్క వేసిందొకామె. మాకు చుట్టం కాదు, చర్చి వాడ మనిషి. పెద్దబాపు "చెల్లె" అంటాడు గనుక నాకు అత్త. కూలికి పోయి కూడబెట్టిందంతా ఆ చేన్లోనే పోసింది. కంకులు పాలు పట్టే వేళకు పందులు దిగాయి. తెల్లవారుతూనే వచ్చి మా తలుపు కొట్టింది.

నిండిన తుపాకితో దారిన నడవడు గనుక ఆయన చేను గట్టు మీదే మందు పోయడం మొదలుపెట్టాడు. లోపల కర్రలు విరుగుతున్న చప్పుడు. "జల్ది అన్నా, జల్ది! కండ్లముంగట తింటున్నయ్" అంటూ అత్త ఆయన జబ్బ పట్టి ఊపింది. ఆయన చెయ్యి ఆగింది. కొలత వైపు చూశాడు. గొట్టంలోకి ఊస దించాడు. ఎప్పుడూ గొట్టం మూతి దగ్గరికి వచ్చే, ఊసకు కట్టిన ఎర్రదారం గుర్తు, ఆరోజు బొటనవేలంత పైన నిలిచింది. తుపాకి దించేశాడు.

"కొట్ట."

"ఒక్కసారి కొట్టు అన్నా, నీ కాళ్ళు మొక్కుత!"

"లోపల ఎంత పడ్డదో నాకే ఎర్కలేదు చెల్లె. గిది పగిలితే పందికి గాదు, మనకు తగుల్తది."

అత్త పిడికెడు మట్టి తీసి ఆయన ఎదురుగానే దుమ్మెత్తిపోసింది. అంతకుముందు రోజుకు పదిసార్లు "అన్నా" అనే మనిషి, ఆ పొద్దు నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఆయన గొట్టంలో నీళ్ళు పోసి, లోపలిదంతా గీకి తీశాడు. రెండింతల మందు నల్లటి బురదై వచ్చింది. పందికి జడిసిండని ఊరంతా నవ్వినా ఎవరికీ చూపించలేదు. "సూపిస్తే ఆమె చేను తిరిగొస్తదా?" అన్నాడు.

వారం తిరక్కుండానే అత్త భర్త కరెంటు తీగ చుట్ట తెచ్చాడు, మిగిలిన చేను చుట్టూ కట్టడానికి. పెద్దబాపు వాళ్ళ వాకిట్లోకి పోయి ఆ చుట్ట మీద కూర్చున్నాడు. మా పెద్దమ్మ బతిమాలినా లేవలేదు.

"పొద్దుగాల చెంబు పట్టుకొని పోయే ముసలోళ్ళకు తీగ కనవడ్తదా? నేను తుపాకిని ఆపిన, మీరు దీన్ని ఆపుండ్రి" అన్నాడు.

అత్త ఆయన వైపు చూడకుండా పెద్దమ్మతో అంది: "మరి నా చేను ఎవ్వలు కాస్తరట?"

"నేనే కాస్త" అన్నాడాయన.

అన్నట్టే మంచె ఎక్కాడు. కోత దాకా రేకుడబ్బా వాయించి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. తర్వాత తీగ కట్టిన చేను ఎక్కడున్నా పోయి ఇట్లాగే కూర్చునేవాడట. విసుక్కుంటూనే ఒక్కొక్కరు తీసేశారు. మరుసటేడూ అత్త చేనుకు కాపలా ఆయనే. అత్త పొద్దున్నే కూతురితో మక్క గటక సద్ది పంపేది. మాట మాత్రం పంపలేదు. "కోపం పోకపోతే మానె, గటక మంచిగ అండుతది" అని నవ్వేవాడు గానీ, ఆమె ఇంటి ముందుకొచ్చేసరికి ఆ నవ్వు ఉండేది కాదు.

పాడె లేచేసరికి పొద్దు వాలింది. మొన్నటి వానకు వాగు దారి కోసుకుపోయింది. గుట్ట కింద మోసేవాళ్ళు ఆగిపోయారు. కాటికి దగ్గరి దారి ఇక అత్త మక్కచేను ఒక్కటే, నిండా కంకులతో. చుట్టూ తిరిగి పోదామన్నాడు సర్పంచ్. చీకటి పడుతుందని ఇంకొకరు. డప్పులు ఆగాయి. చేనులో కాలు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆడవాళ్ళ వెనక నుంచి అత్త వచ్చింది. కొంగు నడుముకు చుట్టి చేనులోకి దిగింది. కంకులున్న కర్రలను రెండు చేతులా వంచి, కాలితో అణచింది.

"తొక్కుండ్రి. ఉత్తకాళ్ళతోనే రాండ్రి, తీగ లేదు, ఏం గాదు" అంది మోసేవాళ్ళతో.

పాడె గట్టు దిగింది. అత్త ముందు నడుస్తూ, సాలు సాలునా మక్కను వంచుతూ, వెనక్కి తిరిగి పాడె వైపు చూసి పిలిచింది.

"ఇటు రా అన్నా. ఇటు రా."