జవాబు చెప్పనివాళ్ల ఇంగ్లీషు

హోటల్ కింది అంతస్తులో ఉన్న లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమెను అందరూ వార్తలక్క అనేవారు. అసలు పేరు హాజరు వేసేటప్పుడు తప్ప వినబడేది కాదు. కుదురనేది ఆ మనిషికి పుట్టుకతోనే లేదు. ఇస్త్రీ బల్ల ముందైనా, ఇంట్లోనైనా కాలు కాలిన పిల్లే. కిటికీ లేని ఆ గదిలో, ఆ ఆవిరిలో ఇంకో ఏడాది ఉంటే తనకు పిచ్చెక్కడం ఖాయమని ఆమె నమ్మకం. ఎలాగైనా పైన రిసెప్షన్ కౌంటర్‌లోకి మారాలి. అక్కడ గాజు తలుపులున్నాయి, గాలి ఉంది, వచ్చేపోయే మనుషులున్నారు. కావలసిందల్లా ఇంగ్లీషు.

ఆ ఇంగ్లీషు ఆమెకు సిబ్బంది భోజనాల గదిలో దొరికింది. గోడకు ఎత్తున బిగించిన టీవీలో ఎప్పుడూ ఒకటే ఇంగ్లీషు వార్తల చానల్. వార్తలు చదివేవాళ్లు వెనక కుక్కలు తరుముతున్నట్టు పరిగెత్తుతారు, ఒక్క ముక్కా చేతికి చిక్కదు. రాజకీయ నాయకుల ఇంటర్వ్యూలు అలా కాదు. అడిగేవాడు ఒక ప్రశ్న వేస్తాడు, నాయకుడు ఇంకేదో చెబుతాడు. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే దాటవేత. ఒకే మాట అన్నిసార్లు చెవిన పడితే ఎంత మొద్దుకైనా తలకెక్కుతుంది. ఆ పెద్దమనుషులు సూటిగా జవాబు చెప్పే రకమే అయితే వార్తలక్కకు అక్షరం ముక్క వచ్చేది కాదు. లోకానికి వాళ్లేం ఒరగబెట్టారో గానీ, ఈమెకు మాత్రం మేలే చేశారు.

దిండు గలీబులు ఇస్త్రీ చేస్తూ "అకౌంటబిలిటీ, అకౌంటబిలిటీ" అని గొణుక్కునేది. ఇంట్లో మొగుడు కూరలో ఉప్పెందుకు లేదని అడిగితే "దట్ ఈజ్ నాట్ ద రియల్ ఇష్యూ" అనేది. అసలు సమస్య అది కాదట. పాపం, ఆయన అడగడమే మానేశాడు.

పక్క బల్ల మీద ఇస్త్రీ చేసేది ఆమె తోడికోడలే. మరిది పెళ్లాం, వయసులో చిన్నది, భయస్తురాలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. ఆ మధ్య ఒకరోజు ఈ చిన్నది ఎవరో అతిథి ఉన్ని కోటు వీపు దగ్గర కాల్చేసింది. మచ్చ కనబడకుండా మడతపెట్టి పైకి పంపేసింది. వార్తలక్క చూసింది, చూడనట్టు ఊరుకుంది. కోటుగలాయన హోటలంతా అదిరిపోయేలా అరిచాడు. కింద ఎవరూ నోరు మెదపలేదు. చిన్నది మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరిగింది.

సరిగ్గా అప్పుడే కౌంటర్‌లో ఖాళీ వచ్చింది. మేనేజరు వార్తలక్కను ఇంటర్వ్యూకి పిలిచాడు.

కుర్చీలో కూర్చుందన్న మాటే గానీ కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఈ ఉద్యోగం ఎందుకని ఆయన ఇంగ్లీషులో అడిగితే, చాలా మంచి ప్రశ్న వేశారని ఇంగ్లీషులోనే మెచ్చుకుంది. గది సిద్ధం కాలేదని అతిథి కోప్పడితే ఏమంటావని అడిగాడు. "లెట్ మి బి వెరీ క్లియర్, వి ఆర్ లుకింగ్ ఇంటు ఇట్" అంది తడుముకోకుండా. స్పష్టంగా చెబుతున్నా, పరిశీలిస్తున్నాం అని. మేనేజరు పగలబడి నవ్వాడు. ఏమీ చెప్పకుండా అంతసేపు మాట్లాడగలిగిన మనిషే కౌంటర్‌కి కావాలన్నాడు. ఉద్యోగం చేతికందినట్టే అనిపించింది ఆమెకు.

అప్పుడాయన పెన్ను పక్కన పెట్టి, ఆ కోటు ఎవరు కాల్చారని అడిగాడు.

ఆడే కాళ్లు ఆగిపోయాయి. పేరు చెబితే రేపటినుంచి ఆ వంటగదిలో ఎలా మసలాలి? తెలియదంటే ఆయన నమ్మడు, ఉన్నవే రెండు బల్లలు. పీకల మీదికి వచ్చినప్పుడు టీవీలో నాయకులు ఏం చేస్తారో చప్పున గుర్తొచ్చింది. ఒక మాట అంటారు. అనగానే అడిగేవాడు మెత్తబడి, థాంక్స్ చెప్పి, వేరే సంగతిలోకి వెళ్లిపోతాడు. మర్నాడు నాయకుడు అదే కుర్చీలో ఉంటాడు. ఎన్నిసార్లు చూడలేదు!

"ఐ టేక్ ఫుల్ రెస్పాన్సిబిలిటీ" అంది. పూర్తి బాధ్యత నాదేనని.

మేనేజరు థాంక్స్ చెప్పలేదు. "అంటే నువ్వే కాల్చావా?" అన్నాడు తెలుగులో.

అలవాటైన నాలుక ఊరుకుంటుందా? దానికి జవాబు ఇప్పటికే చెప్పానని ఇంగ్లీషులో అనేసింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే. కాలిన బట్ట దాచిపెట్టే మనిషిని అతిథుల ముందు నిలబెట్టలేనని, మళ్లీ ఇస్త్రీ బల్లకే పొమ్మని ఆయన తలుపు చూపించాడు.

సాయంత్రం ఇంట్లో వార్తలక్క ఒక్కచోట నిలబడలేకపోయింది. ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు. సంగతి తెలిసి చిన్నది వచ్చి చేతులు పట్టుకుని బావురుమంది. "నాకోసం ఇంత చేస్తావనుకోలేదక్కా. కన్నతల్లి కూడా చెయ్యదు."

ఆ పుణ్యం ఊరికే ఉంచేసుకోవచ్చు. ఇల్లంతా రేపటినుంచి నెత్తిన పెట్టుకుంటుంది. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"నీకోసం కాదే. టీవీలో అలా అంటే వదిలేస్తారు. నన్నూ వదిలేస్తారనుకున్నా."

చిన్నది చేతులు వదిలేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే రేపు నేనే పైకెళ్లి చెబుతా. నేనే కాల్చాను, భయమేసి దాచాను అని. నువ్వు ఇంగ్లీషులో అన్నదాన్ని నేను తెలుగులో కాదంటే నమ్ముతారో లేదో. దాన్ని ఇంగ్లీషులో ఎలా అనాలో నేర్పక్కా."

వార్తలక్క ఆ రోజంతటిలో మొదటిసారి నింపాదిగా కూర్చుంది. తలలో ఉన్న మాటలన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. విచారణ జరుగుతోంది అనడం వచ్చు. చింతిస్తున్నాం అనడం వచ్చు. పాతవాళ్ల తప్పిదం, ప్రతిపక్షం కుట్ర, నా మాటలు వక్రీకరించారు, అన్నీ వచ్చు. ఎన్ని మొహాలు, ఎన్ని ఇంటర్వ్యూలు! నేనే చేశానని, భయపడి దాచానని అన్న మొహం ఒక్కటి గుర్తొస్తుందేమోనని వెతికింది.

"అది నాకు రాదే. ఇన్నాళ్లలో అలా అన్నవాళ్లు ఒక్కరూ లేరు" అంది, తోడికోడలి మొహంలోకి చూడలేక.