ఎర్ర కారు, పడవ మేకు

మీ నాన్నకి కోపం వస్తుందని ఒక్క ముక్క కూడా తీసేయకు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి.

ఆ కారు ఉయ్యూరులో ఉండేది. ఎవరో చెరుకు ఆసామి వయసులో ఉండగా సరదాపడి కొన్న ఫారిన్ కారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకి అంటుకున్నట్టు ఉంటుంది. ఆయన పోయాక అల్లుడు దాన్ని షెడ్డులోంచి బయటకి లాగి, కొత్త మోటార్ సైకిల్ ధరకే ఇచ్చేస్తానని అమ్మకానికి పెట్టాడు. ఫోనులో ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి మీ నాన్న కంచం ముందు కూర్చుని కూడా ఫోనే చూసేవాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కొంటానన్నది మీ తాతయ్య పడవ డబ్బుతో. ఆయన పోయాక బందరులో పడవ అమ్మేసి, చేపలు తెచ్చుకోవడానికి సొంత ఐసు బండి కొందామని ఆ డబ్బు నా పేర దాచాం. అప్పటికి మీ నాన్న అద్దె ఆటోల్లో బందరు నుంచి బెజవాడకి సరుకు తెచ్చేవాడు. ఆటోవాడు రాని రోజు చేప ఎండకి మెత్తబడి, అడిగినంతకి ఇచ్చేయాల్సి వచ్చేది. ఉన్నది ఆ ఒక్క డబ్బే. కారు కొంటే ఇక బండి లేదు.

"అందరూ పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకుంటున్నారమ్మా. ఇలాంటిది బాగుచేసి నిలబెడితే అద్దెకి క్యూ కడతారు" అన్నాడు.

"క్యూ కట్టేలోపు మనమేం తినాలిరా?"

"నీకు చేపలు తప్ప ఇంకేం తెలుసు?"

"ఆ చేపలే తిని ఇంతవాడివయ్యావు. నడు, నేనూ వస్తా. నా కళ్లతో చూడందే పైసా తీయను."

సంచిలో మేకు వేసుకుని బయల్దేరాను. మేకు సంగతి కూడా రాయి. మన వైపు పాత చెక్క పడవ కొనేవాళ్లు రంగు చూసి మోసపోరు. జానెడు మేకు తీసుకుని అడుగు చెక్కల్ని పొడిచి చూస్తారు. మేకు దిగిందా, బేరం అక్కడితో సరి. దిగలేదా, కొనేవాడు మారు మాట్లాడకుండా అడిగిన ధర ఇవ్వాలి. మీ తాతయ్య ఒకే ఒక్కసారి పొడవకుండా కొన్నాడు, పచ్చరంగు చూసి మురిసిపోయి. మొదటి వేటలోనే అడుగు ఊడింది. వలలు సముద్రం పాలయ్యాయి, ఆయన ఈదుకుంటూ వచ్చాడు. ఆ మేకు అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది.

షెడ్డు దగ్గర కారు ఎర్రగా మెరిసిపోతోంది. రంగు వాసన ఇంకా పోలేదు. బానెట్ ఎత్తి చూస్తే లోపల ఇంజను లేదు.

"ఇంజనేదండీ?" అన్నాను.

ఆసామి అల్లుడు రెండు గోతాలు చూపించాడు. "అందులో ఉందండి మామ్మగారూ. మొత్తం ఉంది, బిగించుకోవడమే."

"బిగించుకోవడమే అయితే, విప్పినాయనే ఆ పనీ చేసుండేవాడు కదండీ?"

అతని మొహం మాడిపోయింది. మీ నాన్న మధ్యలో దూరాడు. "గవర్నర్‌పేటలో కారు సామాన్ల షాపుల్లో అడిగానమ్మా, సామాన్లు తెప్పిస్తామన్నారు."

"తెప్పిస్తామన్నారా, ఉన్నాయన్నారా?"

నేను మేకు బయటకి తీశాను. పడవల పద్ధతి చెప్పగానే అల్లుడు పెద్దగా నవ్వాడు. "ఇది చెక్క కాదు మామ్మగారూ, ఇనుము. మీ మేకే వంగుద్ది."

"వంగితే మీరడిగిందిస్తాం."

"మాట మీద ఉంటావా అమ్మా?" అన్నాడు మీ నాన్న.

"ఉంటాను."

తలుపు కింద పొడిచాను. రంగు పెచ్చు లేచింది, మేకు దిగలేదు. ముందు మడ్‌గార్డు మీద పొడిచాను, దిగలేదు. వెనక డిక్కీ దగ్గరా అంతే. మీ నాన్న మొహం వెలిగిపోయింది. అల్లుడు అప్పుడే కాగితాల కోసం ఇంట్లోకి కేకేశాడు. నిజం చెప్తున్నా, నా నోటితో నేనే పడవ డబ్బు పోగొట్టాననుకున్నాను.

అప్పుడు లోపలికి చూశాను. సీట్లు చిరిగాయి, స్టీరింగ్ పగిలింది, డ్రైవరు కాళ్ల దగ్గర రబ్బరు పట్టా మాత్రం కొత్తది.

"ఆ పట్టా తీయండి."

"అతికించేశామండీ, చిరుగుద్ది."

"కాళ్లు తుడుచుకునే పట్టా అతికించేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా" అని మూల పట్టుకుని నేనే పీకాను. మేకు ఆనించి కాస్త నొక్కానంతే, తలదాకా దిగిపోయింది. బయటకి లాగితే దానితో పాటు అరచేయంత పుట్టీ ముద్ద ఊడి వచ్చింది. ఆ కంతలోంచి కింద ఎండిన చెరుకాకు కనపడింది.

"నా బండికి చిల్లు పెట్టారు! దీనికెవరు జవాబుదారీ?" అని అల్లుడు అరిచాడు.

"చిల్లు మీదేనండీ. నేను మూత తీశానంతే."

మీ నాన్న ఇంకా వదల్లేదు. "వెల్డింగ్ చేయిస్తే సరిపోద్ది" అన్నాడు.

"దేనికి పెట్టి చేస్తార్రా? పక్కన గట్టి రేకుండాలిగా."

వంగి ఆ కంత అంచు వేళ్లతో పట్టుకున్నాడు. అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది. ఇంకో చోట పట్టుకున్నాడు, అదీ అంతే. తుప్పు అంటిన వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని రోడ్డు మీదకి నడిచాడు.

బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. బెజవాడలో దిగాక అన్నాడు, "మూడు చోట్ల మేకు దిగలేదు. బాగుందని ఒక్క మాటన్నా అన్నావా?"

అనలేదు. ఇప్పుడూ అనను.

నెల తిరక్కుండానే ఐసు బండి కొన్నాడు, అదీ సెకండ్ హ్యాండే. చూడ్డానికి నన్ను పిలవలేదు. బేరానికి వెళ్లే రోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి "ఆ మేకిలా ఇవ్వు" అన్నాడంతే. ఆ బండి ఇవాళ్టికీ తిరుగుతోంది. మేకు మాత్రం తిరిగివ్వలేదు. అది కూడా రాయి, చదువుతాడుగా.